పద్నాలుగూ చిల్లర

కాటాల మేస్త్రీ చెయ్యి పడిన కాటా అబద్ధమాడదని బజారంతా చెప్పుకునేది. నలభై ఏళ్లుగా కొట్టుకొట్టుకూ తిరిగి తక్కెడలు విప్పి, తుడిచి, ముల్లు సరిగ్గా నిలబెట్టి, అరిగిన తూనికరాళ్ల అడుగున సీసం పోసి బరువు సరిచేయడం ఆయన పని. ఆ తర్వాత తనిఖీ వాళ్లతో ముద్ర వేయించేవాడు. ముద్ర పడిన రాయిని ఏడాది పాటు ఎవరూ తప్పుపట్టడానికి వీల్లేదు. రాయి రవ్వంత తగ్గినా ఆయన తనిఖీకి పంపేవాడు కాదు. కొట్టువాళ్లు పోనిద్దూ అంటే, పోనిస్తే ఇక తూకమెందుకు, చేత్తో పోసి అమ్ముకోండి అనేవాడు. అలాంటి మనిషితో కాపురం మాటలు కాదు. ఆయన భార్య ముప్పై ఎనిమిదేళ్లు చేసింది, అదీ నవ్వుతూ.

ఇంట్లో ఫోను ఆవిడ రాజ్యం. ఆయన బజార్లో ఉన్నంతసేపూ ఎవరి కాటా చెడింది, ఎవరి రాయి పోయింది అన్నీ ఆవిడే రాసి పెట్టేది. అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ ఇంటి నంబరు చెప్పేది. చెప్పి చెప్పి అది ఆవిడ నోట్లో ఊపిరిలా ఉండిపోయింది.

తర్వాత ఆవిడకు మతిమరుపు మొదలైంది. ముందు తాళంచెవులు, తర్వాత పొయ్యి మీద పాలు, ఆ తర్వాత ఇంటికొచ్చే దారి. ఆయన పనికి వెళ్లిన ఒక పూట ఆవిడ నాలుగు వీధుల అవతల ఎవరి గుమ్మంలోనో కూర్చుని కనిపించింది. బావమరిది, అంటే ఆవిడ తమ్ముడే, వెతికి ఊరి రెండో చివర ఒక వృద్ధాశ్రమంలో చేర్పించాడు. ఆదివారం ఆదివారం మేస్త్రీ చూడటానికి వెళ్లేవాడు. ఆవిడ మర్యాదగా కుర్చీ చూపించి, కాటా బాగుచేయించాలా, ఆయన ఇంట్లో లేరండీ, వచ్చాక చెబుతాను అనేది. మొదటిసారి విన్నప్పుడు ఆయన నవ్వాడు. బయటికొచ్చి బస్టాపులో ఏడ్చాడు.

అన్నీ పోయినా ఆ నంబరు మాత్రం పోలేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆవిడ నర్సు బల్ల మీది ఫోను దగ్గరికి వెళ్లి, ఎవరూ చెప్పకుండానే అంకెలన్నీ నొక్కేది. ఇక్కడ ఇంట్లో ఫోను మోగేది. "ఏవండీ, నేనే. భోంచేశారా?" అనేది. అంతే, పది నిమిషాల పాటు ఆయన మళ్లీ మొగుడు. కూర మాడిందని చెబితే సాధించేది, దగ్గు వినిపిస్తే తిట్టేది. ఎదురుగా కూర్చుంటే గిరాకీ, ఫోన్లో అయితే భర్త. అందుకే మేస్త్రీ మూడున్నరకల్లా పని ఎక్కడిదక్కడ వదిలేసి ఇంటికి పరిగెత్తేవాడు. జేబులో సెల్లున్నా ఆ పాత ఫోనును తీయించలేదు. ఆయన బతుకంతా ఆ తీగకే వేలాడుతోంది.

అలా ఉండగా ఒక నెల బిల్లులో కొత్త వరుస వచ్చింది. నెల అద్దె, ప్రభుత్వ పన్ను ఎప్పుడూ ఉండేవే. వాటి మధ్య 'నిర్వహణ సర్‌ఛార్జీ' అని పన్నెండు రూపాయలు. అది 'పన్నులు, ఇతర రుసుములు' అన్న శీర్షిక కింద పెద్దమనిషిలా కూర్చుని ఉంది. మేస్త్రీ బిల్లు పట్టుకుని టెలిఫోను ఆఫీసుకు వెళ్లాడు. కౌంటరులో అమ్మాయి మంచిది, విసుక్కోకుండా విడమరిచి చెప్పింది. పన్ను ప్రభుత్వానికి పోతుంది. సర్‌ఛార్జీ పేరుకు పన్నులా ఉన్నా కంపెనీ తన కోసం వేసుకునేదే. పన్నేమో మొత్తం మీద పడుతుంది కాబట్టి, ఆ పన్నెండు మీద మళ్లీ రెండూ చిల్లర. గోరుచుట్టు మీద రోకటిపోటు.

నిర్వహణకే కదా అద్దె తీసుకుంటున్నారు, మళ్లీ ఇదేమిటని ఆయన అడిగాడు. అది పైవాళ్లు వేసిందండీ అంది ఆ అమ్మాయి. జవాబు లేని డబ్బు ఆయన కట్టడు. అక్కడే నిలబడి ఫిర్యాదు రాసి, రెండు నకళ్లు తీసి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాడు. పద్నాలుగూ చిల్లర తీసేసి మిగతాదంతా కట్టాడు.

ఆ అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. "బాబాయ్ గారూ, ఫిర్యాదు పెట్టుకోండి, కానీ బిల్లు మాత్రం పూర్తిగా కట్టేయండి. తేలితే తర్వాతి బిల్లులో తగ్గిస్తారు. కంప్యూటరుకు మీ న్యాయం కనపడదు, బాకీ ఒక్కటే కనపడుతుంది."

"తూకం తప్పని తెలిసి డబ్బివ్వమంటే ఎలాగమ్మా? ముద్ర పడిందిగా, ఇక దాని దారి అదే చూసుకుంటుంది" అన్నాడాయన.

ఫిర్యాదు మీద పడే ముద్ర, కాగితం అందిందని చెప్పడానికే తప్ప మరెందుకూ కాదు. తూనికరాళ్ల మీద ముద్రలు చూస్తూ ముసలివాడైన మనిషికి ఆ తేడా తట్టలేదు. రెండో నెలా అంతే తగ్గించి కట్టాడు, మూడో నెలా అంతే. బావమరిది తల పట్టుకున్నాడు. "రెండు టీల ఖర్చు బావా. మా అక్క నీతో మాట్లాడేది దాంట్లోనే. పారేయ్" అన్నాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. విన్నాడా?

నోటీసులు వచ్చాయి. బాకీ మీద ఆలస్య రుసుము, ఆ రుసుము మీద పన్ను, సేవ నిలిపివేయబడునన్న బెదిరింపు. చదివి, ముద్ర పడిన నకలు వెనకే గుచ్చి పెట్టాడు. ముందు ఇంటి నుంచి వెళ్లే ఫోన్లు ఆపేశారు. ఆయన సెల్లే వాడతాడు కాబట్టి ఆ సంగతే తెలియలేదు. నాలుగింటికి ఫోను మోగుతూనే ఉంది, ఇంకేం కావాలి?

ఒక మంగళవారం మోగలేదు. పడుకుని ఉంటుందిలే అనుకున్నాడు. బుధవారం కూడా మోగకపోయేసరికి రిసీవరెత్తి చెవికి పెట్టుకున్నాడు. లోపల చడీచప్పుడూ లేదు.

మర్నాడు ఆఫీసు తలుపులు తీయకముందే మెట్ల మీద కూర్చున్నాడు. బాకీ, రుసుము, దాని మీద పన్ను, ఎంత చెబితే అంతా లెక్కపెట్టకుండా కౌంటరు మీద పోశాడు. జీవితంలో ఆయన లెక్క చూసుకోకుండా ఇచ్చిన డబ్బు అదే. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు. ఖాతా మూసేశారు, నంబరు కంపెనీకి వెనక్కి వెళ్లిపోయింది, వేరే ఆఫీసు నుంచి ఎవరికి వస్తే వాళ్లకి ఇచ్చేస్తారు, ఇక్కడ చేయగలిగిందేమీ లేదని ఆ అమ్మాయి చెప్పింది. ఆయన భార్య సంగతి విని ఆమె కళ్లు కూడా చెమర్చాయి. కొత్త నంబరు ఇచ్చింది. వారం తర్వాత ఫిర్యాదుకు జవాబొచ్చింది. ఖాతా మూసివేసినందున విచారణ అవసరం లేదట.

కొత్త నంబరు పెద్ద అంకెలతో రాసి నర్సుకిచ్చాడు. నర్సు తనే కలిపి ఆవిడ చేతికిస్తే, రెండు మాటలు విని, ఇది మా ఇల్లు కాదమ్మా అని పెట్టేసేది. మళ్లీ పాత అంకెలే నొక్కేది. ఈ నంబరు వాడుకలో లేదని యంత్రం చెబితే, పెట్టేసి, మళ్లీ నొక్కి, చీకటి పడేదాకా అక్కడే ఉండేది. తిండి మానేసింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నానని మేస్త్రీ బావమరిది దగ్గర కుమిలిపోయాడు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం నర్సు ఎదురొచ్చి మరీ సంతోషంగా చెప్పింది. ఆ నంబరు ఎవరికో ఇచ్చారట. మొదటిరోజు రాంగ్ నంబరన్నాడట గానీ, సంగతి చెబితే జాలిపడి మాట్లాడుతున్నాడట. ఇప్పుడు అమ్మగారు శుభ్రంగా తింటున్నారంది.

మేస్త్రీ వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాడు. నాలుగైంది. ఆవిడ అంకెలు నొక్కింది. "ఏవండీ, నేనే. భోంచేశారా?" అంది. అవతలి గొంతు ఏదో అంది. అది పడుచు గొంతు, ఏ రకంగానూ తన గొంతు కాదు. ఆవిడ నవ్వింది, దగ్గు తగ్గిందా అని అడిగింది, కషాయం తాగమని కోప్పడింది. ఇన్నాళ్లూ తన గొంతు గుర్తుపట్టి మాట్లాడుతోందనుకున్నాడు. ఎవరెత్తినా ఒకటేనని అప్పుడు తెలిసింది. ఆ పది నిమిషాలూ కూడా తనవి కావు.

ఆవిడ ఫోను పెట్టేసి, తృప్తిగా కొంగు సర్దుకుని, ఆయన వైపు తిరిగింది. కళ్లు తుడుచుకుంటున్న ఆ ముసలాయన్ని చూసి జాలిపడింది. ఫోను ఆయన ముందుకు జరిపింది.

"మీరూ ఇంటికి చేసుకోవాలా అండీ? చేసుకోండి, పర్లేదు" అంది.