కాసమ్మ ఇంట్లో రొట్టె రోజులు
నలభై ఏళ్లుగా ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పక్కూరు కొడల సంతకు తిరిగిన కాసమ్మ, ఇంటికి ఫిలిప్పీన్స్ కోడలు వస్తోందనగానే ఆ గంపను అటక ఎక్కించేసింది. దుబాయ్ హోటల్లో పనిచేసిన కొడుకు ఉదయ్, అక్కడే మారిసెల్‌ను పెళ్లాడి, ఇక ఊళ్లోనే ఉంటామంటూ తీసుకొచ్చాడు. పరదేశపు పిల్ల మన కంపుకు వాంతి చేసుకుంటే పరువేం కావాలి? పొయ్యి పక్కన అగరుబత్తులు వెలిగాయి. బరంపురం నుంచి రొట్టె, జామ్ దిగాయి. ఇంటిల్లిపాదీ మూడుపూటలా అదే మింగారు. నీకేం కావాలమ్మా అని ఆ పిల్లను అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

ఎదురింటి పుణ్యవతి రోజూ గుమ్మంలోకొచ్చి, దొరసాని ఎన్నాళ్లు నిలుస్తుందో చూసిపోయేది.

ఎనిమిదో రోజు పొద్దున్నే కాసమ్మను కమ్మటి వాసన లేపింది. వంటింట్లో మారిసెల్ నేల మీద బాసింపట్టు వేసుకుని, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప నంజుకుంటూ చేత్తో అన్నం తింటోంది. అటక మీంచి దించిన గంప పక్కనే ఉంది.

వెనకే వచ్చిన ఉదయ్ పగలబడి నవ్వాడు. "మారిసెల్ ఆళ్లమ్మ కూడా ఎండుసేపలే అమ్మతాదే అమ్మా! నువ్వడిగితే కదా!"

కాసమ్మ కంచం తెచ్చుకుని కోడలి పక్కన చతికిలబడింది.

అంతలో గుమ్మంలో పుణ్యవతి. "ఏటే కాసమ్మా, నీ కోడలికి మనూరు అలవాటయ్యిందేటి?"

"దానికెప్పుడో అయిపోనాది," అంది కాసమ్మ నోటినిండా ముద్దతో. "ఆ రొట్టే నాకలవాటు కాలేదు."