ఎర్ర జాకెట్ ఎవరికీ ఇవ్వొద్దన్న మా బాబాయి

మా బాబాయి పోయాడన్న కబురు నాకు మంచు మీద అందింది. ఉత్తరాది కొండల్లో ఒక రిసార్ట్‌లో స్కీయింగ్, స్నోబోర్డింగ్ నేర్పే ఉద్యోగం నాది. ఆ పొద్దున ఎనిమిది మంది పిల్లలకు మొదటి పాఠం చెబుతుంటే పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయ్ వెళ్లిపోయాడమ్మా. కల్లంలో మిరపకాయలు తిరగేస్తా తిరగేస్తా అట్టానే కూలబడిపోయాడు" అంది. పాఠం ఇంకా అరగంట ఉంది. ఆ అరగంటా చెప్పాను. పిల్లల్ని తల్లిదండ్రులకు అప్పగించాకే కొండ దిగాను. ఏడుపు బస్సులో వచ్చింది. ఆయనైనా అలాగే చేసేవాడు.

పెద్దకర్మకు రిసార్ట్ నుంచి నలుగురు ఇన్‌స్ట్రక్టర్లు వచ్చారు. రెండు రైళ్లు మారి గుంటూరులో దిగి, ఆటో మాట్లాడుకుని మా ఊరు చేరారు. షామియానా దగ్గరకు వచ్చాక సంచుల్లోంచి మా యూనిఫాం ఎర్ర జాకెట్లు తీసి తొడుక్కుని, మెడ దాకా జిప్పు లాక్కున్నారు. ఒంటి మీద చొక్కా కూడా బరువనిపించే ఎండ అది. పిన్ని నా చెయ్యి పట్టుకుని, "ఆ కోట్లు తీసెయ్యమని చెప్పవే, ఉడికిపోతారు పిల్లలు" అంది. చెప్పాను. వాళ్లలో పెద్దతను, "సార్ ఫొటోకి దండం పెట్టేదాకా ఉండనివ్వండి" అన్నాడు హిందీలో. నలుగురూ వరసగా నిలబడి దండం పెట్టారు. తర్వాత జాకెట్లు విప్పి, మడతపెట్టి, భోజనాలకు కూర్చున్నారు.

"మంచు మీద జారటం గూడా ఒక ఉజ్జోగమేనంట్రా?" అని ఒకప్పుడు మా బాబాయిని చూసి నవ్విన మా ఊరి పెద్దాయనే ఆ రోజు నన్ను పక్కకు పిలిచి, "ఆ కోటుకి అంత మర్యాదేందమ్మా?" అని అడిగాడు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

మా నాన్నకు తమ్ముడాయన. పత్తి చేలో పెరిగినవాడు, సైన్యంలో చేరేదాకా మంచు మొహం చూసినవాడు కాదు. మంచు కొండల మీద కాపలా వేస్తే అక్కడ స్కీయింగ్ నేర్చుకున్నాడు. పదవీ విరమణ తర్వాత ఆ రిసార్ట్‌లో నేర్పే పనికి కుదిరి, కొన్నేళ్లకే ఇన్‌స్ట్రక్టర్లందరికీ పెద్ద అయ్యాడు. డిగ్రీ అయ్యాక నేను పిన్నితో కలిసి చూడ్డానికని వెళ్లి, స్నోబోర్డు ఎక్కి, ఇక దిగనని కూర్చున్నాను. నాన్న ఒప్పుకోలేదు. "నా కళ్ల ముందు ఉంటది గదా అన్నయ్యా" అని బాబాయే ఒప్పించాడు.

ఆయన దగ్గర యూనిఫాం నియమాలు గట్టివి. పాఠం జరుగుతున్నంతసేపూ జిప్పు మెడ దాకా ఉండాలి. పేరు ఎడమవైపు కనపడాలి. జాకెట్ ఒంటి మీద ఉండగా సిగరెట్ ముట్టకూడదు. సొంత సరదాకి జారేటప్పుడు సొంత బట్టలే వేసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, జాకెట్ ఎవరికీ, ఒక్క నిమిషానికైనా ఇవ్వకూడదు. రోజూ పొద్దున్నే మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ చూసేవాడు. బోర్డు నేర్పే మాకు ఇదంతా చాదస్తంగా ఉండేది. వదులు బట్టలే మా బోర్డు వాళ్ల స్టైలని నేనొకసారి వాదించాను. "పడిపోయిన పిల్లకి నీ స్టైలు కనపడదే, రంగు కనపడుద్ది" అన్నాడు.

నా రెండో చలికాలం అది. ఒక మధ్యాహ్నం పాఠం మధ్యలో చెవిన తెలుగు పడింది. హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి. "అక్కా, మీ జాకెట్ భలే ఉంది. ఒక్క ఫొటో దిగి ఇచ్చేస్తా" అంది. ఎన్నాళ్లకో విన్న తెలుగు. ఇచ్చేశాను. ఆమె జాకెట్ తొడుక్కుని ఫొటో కోసం వాలు అవతలి అంచుకు వెళ్లింది. అంతలోనే పొగమంచు కమ్మేసింది.

దారి కనపడకపోతే ఎర్ర జాకెట్ దగ్గరకు వచ్చేయమని పిల్లలకు మొదటిరోజే చెబుతాం. నేనేమో నల్ల స్వెటర్‌లో ఉన్నాను. పేర్లు పెట్టి అరిచి పిల్లల్ని పోగుచేసి లెక్కపెడితే ఎనిమిది మందికి ఏడుగురే ఉన్నారు. తొమ్మిదేళ్ల పాప ఒకతి లేదు. వైర్‌లెస్‌లో పిలిస్తే బాబాయి వచ్చాడు. నా ఒంటికేసి ఒకసారి చూశాడు.

"జాకెట్ ఎవరి మీదుంది?"

చెప్పాను. "ఎటు పోయింది?" అన్నాడు. చెయ్యి చూపించాను. తిట్టలేదు. మిగతా పిల్లల్ని ఇంకొకరికి అప్పగించి, నన్ను అక్కడే నిలబడమని, అవతలి వాలులోకి జారిపోయాడు.

నా జీవితంలో అంతసేపు నేనెప్పుడూ నిలబడలేదు. చివరికి పొగమంచులోంచి ముందు ఎరుపు కనిపించింది, తర్వాత ఆయన, ఆయన వీపు మీద పాప. ఆ ఎర్ర జాకెట్ వెంట పడి పాప వాలు దాటి దేవదారు చెట్లలోకి జారిపోయింది. ఫొటో దిగిన అమ్మాయి వెనక ఎవరొస్తున్నారో చూసుకోకుండా కాఫీ హోటల్లోకి వెళ్లిపోయింది. పాపకు దెబ్బలేం తగల్లేదు, చలికి పెదాలు మాత్రం నీలంగా ఉన్నాయి.

ఆ సాయంత్రం బాబాయి నాతో అన్నది ఒకటే. "నన్ను చూడగానే ఆ పిల్ల ఏమందో తెలుసా? మీరు నిజం సారేనా అని అడిగింది. నా జాకెట్ చూసి గూడా అడిగిందమ్మా."

పాప క్షేమంగా దొరికింది కదా, ఇక్కడితో వదిలేద్దామన్నాడు మేనేజరు. బాబాయి ఒప్పుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని పాప తల్లిదండ్రుల గదికి వెళ్లి, జరిగింది జరిగినట్టు నా చేతే చెప్పించాడు. తర్వాత నా జాకెట్ వెనక్కి తీసుకున్నాడు. ఆ సీజన్ అయిపోయేదాకా బూట్లు అద్దెకిచ్చే కొట్టులో వచ్చేపోయేవాళ్ల కాళ్లకు బూట్లు తొడిగాను. సొంత అన్న కూతురికి ఇంత శిక్షా అని తోటివాళ్లు గొణిగారు. నాకూ కోపం వచ్చింది. ఊరికి వెళ్లిపోదామని బట్టలు సర్దుకున్నాను కూడా. అప్పుడే పక్కగదిలో ఆయన నాన్నతో ఫోన్‌లో మాట్లాడటం వినపడింది. "తప్పు చేసింది అన్నయ్యా. కానీ నేనడగ్గానే నిజం చెప్పింది, సాకులు చెప్పలా. మన పిల్ల గురించి నేనేం దాచిపెట్టుకోనక్కర్లా." సర్దిన బట్టలు మళ్లీ తీసి అరలో పెట్టుకున్నాను.

మరుసటి చలికాలం మొదటిరోజు అందరి ముందూ నా జాకెట్ నాకిచ్చాడు. "కొత్తగా చేరినవాళ్లకి నియమాలు ఈ అమ్మాయి చెబుద్ది. ఎందుకో గూడా తనే చెబుద్ది" అన్నాడు. అప్పటి నుంచీ ఏటా చెబుతున్నాను. నా తప్పు ఒక్క ముక్క వదలకుండా చెబుతాను. సిగ్గుపడటం ఎప్పుడో మానేశాను. ఆయన ఊరికి వచ్చేసి మిరప సాగు మొదలుపెట్టాక ఆ పెద్దరికం నాకే ఇచ్చారు. ఆ మాట ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆ సాయంత్రమే ఊరంతా తిరిగి చెప్పొచ్చాడని పిన్ని చెప్పింది.

కిందటి సీజన్‌కు నేను బయల్దేరినప్పుడు నల్లపాడు స్టేషన్‌కు వచ్చాడు. ఆయన్ని ప్రాణాలతో చూడటం అదే ఆఖరు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. మిరప తోటకు పట్టిన తెగులు గురించే మాట్లాడాడు. రైలు కదిలింది. చెయ్యి ఊపుతాడని తలుపు దగ్గర నిలబడ్డాను. ఊపలేదు. స్కీయింగ్‌లో మేం కొత్తవాళ్లకు నేర్పే మొదటి భంగిమ ఒకటుంది. ఆ నిండు ప్లాట్‌ఫారం మీద, పంచె ఎగ్గట్టి, మోకాళ్లు కాస్త వంచి, ఒళ్లు ముందుకు వాల్చి, లేని కర్రలు రెండు చేతుల్లో పట్టుకుని అచ్చం అలా నిలబడ్డాడు. టీ అమ్మే అతను కెటిల్ పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. బాబాయి నవ్వుతున్నాడు. రైలు మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నాడు.