ఖాళీ గడిలో ఆమె పేరు

ప్రొద్దుటూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో నాలుగేళ్లు పనిచేశాను. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. జెరాక్సులు తీయడం, హాల్‌టికెట్లు ప్రింట్ చేయడం, పెళ్లిపత్రికలు కొట్టడం, సీడీలు కాపీ చేయడం నా పని. ఊళ్లలో బాంబుల మోత కొంత తగ్గింది గానీ వర్గాలు తగ్గలేదు. ఒక వర్గం ఒక పార్టీలో ఉంటే, రెండో వర్గం కచ్చితంగా రెండో పార్టీలో ఉండేది.

ఒకసారి ఎన్నికల ముందు, పులివెందుల వైపు నుంచి ఒక పార్టీ మనిషి ప్రచారం పాటల సీడీ పట్టుకొచ్చాడు.

"గుంతల్లో జీపు ఎగిరితే సీడీ ఆగిపోతాంది పాపా. పెన్‌డ్రైవుల్లోకి ఎక్కియ్యి. రేపు సాయంత్రానికల్లా కావాల."

మా ఓనరు సాఫ్ట్‌వేర్ కొనే రకం కాదు. "నెట్లో ఊరికే దొరికేటివి శానా ఉండాయి. చూసుకో" అన్నాడు.

ఆ ఉదయమంతా అదే పని. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ప్రోగ్రాం చకచకా కాపీ చేసింది గానీ, బయట ఆపిన వాళ్ల జీపులో పెన్‌డ్రైవు పెట్టి చూస్తే ఆ ఫైళ్లను టేపు పాడలేదు. రెండోది ఉచితమని చెప్పి, ప్రతి పాటా సగంలో ఆపేసి కొనమంది. మూడోది నిదానం. గీతలు పడిన చోట మళ్లీ మళ్లీ చదివి, పాట ఎక్కడా తెగకుండా ఎంపీత్రీ చేసి ఇచ్చింది. పైగా ప్రతి పాటకూ పాట పేరు, పాడినవాళ్ల పేరు రాసుకోవడానికి గడులున్నాయి. అక్కడ రాసింది పాట వచ్చేటప్పుడు జీపు టేపుకున్న చిన్న తెర మీద కనిపిస్తుంది. నాకు అదే నచ్చింది.

నాలుగో పాట మొదలవగానే ఆ గొంతు గుర్తుపట్టాను. మా చర్చిలో క్వయర్ నడిపే అక్కది. చిన్నప్పుడు నాకు పాట నేర్పింది ఆమే. జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో సర్కారు బడి టీచరు. సీడీ కవరు మీద పాట రాసినాయన పేరుంది, సంగీతం చేసినాయన పేరుంది. ఆమె పేరు లేదు. కంప్యూటర్ ఆ గడిలో "అన్‌నోన్ ఆర్టిస్ట్" అని చూపించింది. అది చెరిపేసి ఇంటిపేరుతో సహా ఆమె పేరు కొట్టాను.

ఆమె ఒక్కదాని పేరే ఎందుకు లేదో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే తెలిసేది. సర్కారు టీచరు పార్టీ పాట పాడకూడదు. పైగా ఆమె పనిచేసే పల్లె ఎదుటి పార్టీది. ఇవన్నీ నాకు తెలిసినవే. అంత మంచి గొంతు నాకు తెలిసినవాళ్లదని చూపించుకోవాలనే సరదాలో ఏదీ గుర్తు రాలేదు.

రెండు వారాలకు ప్రచారం జీపు ఆ పల్లెకే పోయింది. టీ అంగడి ముందు నిలబడ్డప్పుడు టేపు తెర మీద కదిలే పేరును ఎవరో పైకి చదివారు. మరునాడు ఇద్దరు మనుషులు బడికి వచ్చి, పిల్లల ముందే అడిగారట.

"మా పిల్లోళ్లకు చదువు చెప్పుకుంటా, వాళ్లకు పాటలు పాడతాండావా టీచరమ్మా?"

చెయ్యి చేసుకోలేదు. పైఆఫీసుకు ఫిర్యాదు రాశారు. నెల తిరక్కుండా ఆమెను చక్రాయపేట అవతల ఒక పల్లెకు వేశారు.

ఆ ఆదివారం చర్చి బయట, ఆ పాటలు రికార్డు చేసినాయనను ఆమె నిలదీసింది. ఆయన జమ్మలమడుగులో చిన్న స్టూడియో నడుపుతూ మా చర్చిలో కీబోర్డు వాయించేవాడు.

"నా పేరు యాడా రాయనంటివి గదప్పా!"

"దేవుని మీద ఒట్టు అక్కా, నేను రాయలా."

వాళ్లకు నాలుగడుగుల దూరంలో పాటల పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ ఆయన మాట నమ్మలేదు. పెద్దలు ఆయనను కీబోర్డు నుంచి తప్పించారు. ఆ తర్వాత పెళ్లిళ్లకూ పిలవడం మానేశారు. ఏడాదిలో స్టూడియో మూతపడింది.

మొదటి వారం భయంతో చెప్పలేదు. ఉద్యోగం పోతుందని, పార్టీవాళ్లు వస్తారని. తర్వాత, ఇన్నాళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పాలో తెలియక చెప్పలేదు. సెంటర్లోని ఫైళ్లలో మాత్రం ఆమె పేరు తీసేశాను. పెన్‌డ్రైవులు అప్పటికే ఊళ్లన్నీ తిరుగుతున్నాయి.

ఆరేళ్ల తర్వాత ఆమెకు తొండూరు దగ్గరికి బదిలీ అయిందని విని వెళ్లాను. మధ్యాహ్నం బడి వరండాలో కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుతోంది.

"అక్కా, ఆ పేరు రాసింది నేను."

పెన్ను ఆగింది. "ఎందుకు రాసినావు?"

"నీ గొంతు గుర్తుపట్టినా. పేరు లేకుంటే బాగలేదనిపించింది."

దిద్దుతున్న పుస్తకం మూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "మైకు ముందర నిలబడి పాడింది ఆ ఒక్కసారే పాపా. ఎవురూ బలవంతం చేయలా. ఆశపడి పోయినా. ఆ తప్పు నాది. అయితే ఆరేండ్లుగా ఆయప్ప ఎదురొస్తే మొగం తిప్పుకుంటాండా. దాన్ని యాడ పెట్టుకోవాల నేను? నాతో చెప్తే ఏమొస్తాది? పో, ఆయప్పతో చెప్పు."

ఆయన ఎర్రగుంట్లలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నాడు. అంగడి ముందు నిలబడే చెప్పాను. చేతిలో విప్పిన ఫోను పక్కన పెట్టి నన్ను చూశాడు.

"ఆ పొద్దు చర్చి బయట నువ్వు గూడా ఉండావు గదా?"

"ఉండా అన్నా."

"నేను ఒట్టేసింది విన్యావు గదా?"

తల ఊపాను. ఆయన మళ్లీ ఫోను అందుకుని, "పోమ్మా, పనుండాది" అన్నాడు.

ఆ వారమే అక్క ఎర్రగుంట్లకు పోయి ఆయనతో మాట్లాడిందని మా అమ్మ చెప్పింది. చర్చిలో పెద్దలకు కూడా అసలు సంగతి ఆమే చెప్పింది. ఆ ఎండాకాలం జమ్మలమడుగులో ఒక పెళ్లికి ఆయన కీబోర్డు వాయించాడు, ఆమె పాడింది. నేను వెనక వరసలో కూర్చున్నాను. పాట అయ్యాక ఆమె నన్ను చూసి తల ఊపింది. ఆయన నా వైపు చూడలేదు. భోజనాలకు ఆగకుండా ఇంటికి వచ్చేశాను.