నేను రాసిచ్చిన హామీ

నాకు కోపమెక్కువ. అదంతా ఇంట్లోనే. ఢిల్లీ ఆఫీసులో మాత్రం నోరు పెగిలేది కాదు. ఎనభైల మొదట్లో ఒక మంత్రిత్వ శాఖలో పార్లమెంటు ప్రశ్నలు చూసే సెక్షన్లో అసిస్టెంటుని. ఎంపీ నాలుగు భాగాలుగా ప్రశ్న వేస్తాడు. మొదటి భాగానికి 'లేదండీ' అని రాస్తే చాలు, మిగతా మూడింటికీ 'ఆ ప్రశ్నే తలెత్తదు' అని కొట్టిపారేయొచ్చు. ఆ విద్యలో నన్ను మించినవాడు లేడని మా సెక్షన్లో పేరు. సిగ్గులేకుండా పొంగిపోయేవాణ్ణి.

ఒకసారి సమావేశాల్లో మా జిల్లా మీదే ప్రశ్న వచ్చింది. అక్కడి నీళ్ళు తాగి జనం ఎముకలు వంగిపోతున్నాయా అని. ఊళ్ళో ఉన్న మా అక్క అప్పటికే మెడ తిప్పలేకపోయేది, నడుం ఎత్తలేకపోయేది. రాష్ట్రం నుంచి మాత్రం 'అటువంటి కేసులేవీ మా దృష్టికి రాలేదు' అని టెలెక్స్ వచ్చింది. ఆగలేక అండర్ సెక్రటరీ గదికి వెళ్ళి, "సార్, మా అక్కకే ఉంది" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "ఆప్ కీ దీదీ ఫైల్ మే హై క్యా?"

అక్క ఫైల్లో లేదు. 'లేదండీ' అనే రాశాను.

ప్రశ్న సభకు వచ్చిన రోజు, జాయింట్ సెక్రటరీ వెంట ఫైళ్ళు మోసుకుని అధికారుల గ్యాలరీలో కూర్చున్నాను. అక్కడ మనం మాట్లాడకూడదు. మంత్రి ఇరుక్కుంటే చీటీ రాసి పంపాలి, అంతే. ఆ ఎంపీ లేచి, "అయితే ఒక బృందాన్ని పంపి పరీక్ష చేయించండి" అని పట్టుబట్టాడు. మంత్రి మా వైపు చూశాడు. జాయింట్ సెక్రటరీ ఫైలు తిరగేస్తూ, "జల్దీ, కుఛ్ లిఖో" అన్నాడు. త్వరగా ఏదో ఒకటి రాయమన్నాడుగా, 'కేంద్ర బృందాన్ని పంపి ఊళ్ళు పరీక్షిస్తాం' అని రాసేశాను. ఆయన సరిగ్గా చూడకుండానే పంపాడు. మంత్రి చదివేశాడు. బల్లలు చరిచారు.

సభలో మంత్రి మాటిస్తే అది హామీ. మూడు నెలల్లో తీర్చాలి. తీర్చారా లేదా అని ఎంపీల కమిటీ ఒకటి లెక్క అడుగుతుంది. అందుకే మా వాళ్ళకు హామీ అంటే హడల్. "నువ్వే తెచ్చావు, నువ్వే మొయ్యి" అని జాయింట్ సెక్రటరీ ఆ ఫైలు నా బల్ల మీదే పడేశాడు. పడెయ్యనీ! అక్కకు ఆ రోజే ఉత్తరం రాశాను, ఢిల్లీ నుంచి డాక్టర్లు వస్తున్నారని.

నీళ్ళు రాష్ట్రం పని, వాళ్ళు ఒప్పుకోనిదే బృందం కదలకూడదన్నారు. వాళ్ళు ఒప్పుకునేసరికి ఆర్థిక శాఖ కొర్రీ వేసింది. గడువు పెంచమని కమిటీకి ఉత్తరం తయారు చేయాల్సింది ఎవరు? నేనే. ఏడుసార్లు రాశాను. నా అక్కను ఆగమని నేనే, నా చేత్తోనే! కాదని ఫైలు విసిరికొడితే క్వార్టరు పోతుంది, పిల్లలు రోడ్డున పడతారు. నోరు మూసుకుని రాశాను.

చివరికి తేదీ ఖాయమైతే అక్కకు రాశాను. బృందం వెళ్ళింది. జిల్లా కేంద్రంలో ఒక పూట కూర్చుని, రికార్డులు చూసి, 'కేసులు లేవు' అని నివేదిక ఇచ్చింది. ఏ ఊరికీ వెళ్ళలేదు.

నివేదిక నా బల్ల మీదికి వచ్చిన వారంలోనే, అక్క ఎవరితోనో రాయించిన ఉత్తరం వచ్చింది. "తమ్ముడా, పొద్దుగాల్నే తానం జేసి రోడ్డు కాడ కూసున్నం. నాలెక్క వంగినోళ్ళం పదకొండుమందిమి. నువ్వు పంపిన డాక్టర్లు గదా, నీ పేరు జెప్పి నీ సంగతి అడుగుదమనుకున్న. పొద్దుమూకింది, ఎవ్వలు రాలే. తొవ్వ తప్పిన్రేమో. ఈసారి మనూరికి తొవ్వ నువ్వే రాసియ్యి."

మధ్యాహ్నం అండర్ సెక్రటరీ పిలిచాడు. ఆయన ముందే కూర్చుని, సభకు సమర్పించాల్సిన కాగితం రాశాను. కేసులు లేవు. హామీ నెరవేర్చడమైనది.