దేవుడికి మాటలు రాసే మనిషి

బొమ్మల కథల పత్రికలో ముప్పై ఏళ్లుగా మాటలు రాస్తున్నాడాయన. దేవుడు మాట్లాడే బొమ్మ వచ్చిందంటే చాలు, కలం కింద పెట్టి వెళ్లి మోచేతుల దాకా కడుక్కుని వచ్చేవాడు. ఆయన కథల్లో దేవుడు ఆఖరి బొమ్మలో దిగి, దొంగకు శిక్ష వేసి మాయమయ్యేవాడు. పరాయి మతం వాళ్ల ప్రార్థన వినబడితే ఆయన వీధి దాటి అవతలి పక్కన నడిచేవాడు. కిందటేడు ఒక పాప ఉత్తరం రాసింది. "దొంగ ఎందుకు దొంగిలించాడో మీ దేవుడు ఒక్కసారి కూడా అడగడేంటండీ?" ఆ ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోయినా ఇంకా ఆయన జేబులోనే ఉంది.

ఇప్పుడు సాయంత్రాలు ఎక్కడ ప్రార్థన జరిగితే అక్కడికి వెళ్లి, చివర్లో కూర్చుని, ఈసురోమంటూ ఇల్లు చేరతాడు. "ఇవాళ ఎవరి దేవుడండీ?" అంటుంది భార్య. "ఏమోనే, అడగలేదు. కూర్చోనిచ్చారు," అంటాడు చెప్పులు విడుస్తూ. నిన్న ఆఫీసులో మళ్లీ కలం పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. పక్క బల్ల మీద బొమ్మలు వేసే కుర్రాయన నవ్వాడు. "ఈ కథలో దేవుడే లేడు కదండీ, చేతులు కడుక్కోవడం దేనికి?"

"ఇప్పుడు దొంగ మాట్లాడాలయ్యా," అని ఆయన కుళాయి వైపు నడిచాడు.