అరికాళ్ళ సాక్ష్యం

కరుణాకుమారి పార్లమెంటు మెంబరయిందని జువ్వలదిన్నె అంతా సంబరపడుతోంది. పడనివ్వండి. ఐదో తరగతి దాకా ఆమె పక్కన ఒకే చాప మీద కూర్చున్నదాన్ని నేను, మగ్దలీనమ్మను. ఆమెకంటే ఏడాది పెద్దదాన్ని. ఆ పిల్లకు అప్పుడు నోరే లేదు. అయ్యవారు అడిగితే జవాబు నేను చెప్పేదాన్ని, ఆమె రాసుకునేది.

వాళ్ళ నాన్న చర్చిలో ఉపదేశి. కూతుర్ని చదివించాడు. మా నాయన నా నెత్తిన చేపల గంప పెట్టాడు. ఆమె కావలిలో నల్లకోటు తొడిగింది. పదేళ్ళు ఆ కోటు ఇస్త్రీ చేసుకోవడమే గానీ పేరొచ్చే కేసు ఒక్కటీ రాలేదు.

అప్పుడు మా దారి కేసు వచ్చింది. మేము సముద్రానికి పోయే దారికి రొయ్యల గుంటల ఆసామి ముళ్ళకంచె వేశాడు. కరుణ మా తరఫున నిలబడి నన్ను సాక్షిగా పిలిచింది. అవతలి ప్లీడరు, "ఆ దారి మీదేనని కాగితం ఏమన్నా ఉండాదా?" అన్నాడు.

బోనులోంచే కాలెత్తి చూపించాను. "నా అరికాళ్ళలో ఉండాదయ్యా. చదవను వస్తే చదువుకో."

జడ్జిగారు కూడా నవ్వు దాచుకున్నారు. కంచె లేచిపోయింది. మర్నాడు పేపర్లో కరుణ ఫోటో వేశారు.

ఆ కేసుతోనే ఆమె దశ తిరిగింది. ఊరూరి నుంచీ కేసులు, తర్వాత పార్టీ, జిల్లా పరిషత్తు, ఇప్పుడు ఢిల్లీ. ప్రతి సభలోనూ నా మాటే. "ఆ రోజు కోర్టులో నేనన్నాను" అని చెప్పుకోవడం నా కోడలు ఉష ఫోన్లో చూపించింది. ముళ్ళు తొక్కింది నేను, మాట ఆమెదా?

పోయిన నెల హార్బరు దగ్గర ఆమెకు సన్మానం చేశారు. నా మాట నాకిమ్మని అందరి ముందూ అడగడానికే పోయి ముందు వరసలో కూర్చున్నాను. ఉష నా కొంగు పట్టుకుంది.

"అత్తా, తగాదా వద్దు."

"తగాదా ఏంది మే? నాది నేను అడగతా."

కరుణ ఆ కథే మొదలుపెట్టింది. ప్లీడరు ప్రశ్న దాకా రాగానే నేను లేచి నిలబడ్డాను. ఆమె నన్ను చూసి ఆగింది. కళ్ళద్దాలు తీసింది.

"ఇన్నేళ్ళూ ఆ మాట నాదని చెప్పుకున్నా. తప్పే. అదుగో, మా మగ్దలీనక్కది. అక్కా, నువ్వే చెప్పు" అని మైకు పంపింది.

నోటి దాకా తెచ్చుకున్న తిట్లు అక్కడే నిలిచిపోయాయి. మైకు పట్టుకుని ఆ మాట చెప్పాను. చప్పట్లు కొట్టారు, కూర్చునే.

తర్వాత జనమంతా లేచి నిలబడి ఆమెకు చప్పట్లు కొట్టారు. పక్కావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత పెద్ద మనసో చూడక్కా" అంది నాతో. నా మాట నాకు తిరిగిచ్చినందుకు కూడా పేరు ఆమెకే వచ్చింది.