మనుషులను ర్యాకులల్ల సర్దిన కథ

'ఇన్‌క్లూజివ్' అంటే టాక్స్‌తో సహా అని ఒక్కటే అర్థం తెల్సినోడు కొత్తగూడెంల పుస్తకాల దుకాణం నడిపితే ఏమైతది? వాగు పొంగి దుకాణంలకు మోకాళ్ల బంటి నీళ్లొచ్చిన నాడు గూడ గంత ఆగం గాలే. నీళ్లు సాయంత్రానికి పోయినయ్. ఇది మాత్రం నా పరువును గూడ తీస్కపోయింది. చెప్త గానీ, నవ్వొస్తే లోపట్నే నవ్వుకోండి.

హైదరాబాద్ నుంచి పబ్లిషర్ మనిషొకాయన వచ్చిండు. "బళ్ల లైబ్రరీలకు ఆర్డరిచ్చేటోళ్లు ఇప్పుడు అన్నీ చూస్తున్నరు. మీ షాపు ఇన్‌క్లూజివ్‌గ ఉండాలె" అన్నడు.

"మా తాన పెన్నుల కాడికెళ్లి రబ్బరు దాక అన్నీ ఇన్‌క్లూజివే సార్. పైన పైస టాక్స్ వెయ్యం."

ఆయన కండ్లద్దాలు తీసి, నన్ను కనబడకుండ చేసుకున్నడు. "టాక్స్ కాదయ్యా, మనుషులు! నువ్వు, నీ ఇద్దరు బామ్మర్దులు. ముగ్గురూ ఒక్కింటోళ్లే. అన్ని రకాలోళ్లను కలుపుకో. లేకుంటే గా బాలికల ఆశ్రమ పాఠశాల ఆర్డర్ మీద ఆశ వదులుకో."

ఆ ఆర్డర్ పోతే షట్టర్ దించుడే. బామ్మర్దులను జల్దీ కల్లూరు బస్సెక్కించిన. వారం దినాలు మా ఇంట్ల నాకు ఉప్పులేని కూర. పెద్ద పనికి పూనుకున్నోడికి గిట్లాంటి కష్టాలు తప్పయి కదా!

ఇద్దరు కొత్తోళ్లు వచ్చిండ్రు. తాతల కాలం నుంచి పుస్తకాలు కుట్టే ఇంటి నుంచి జబ్బార్ భాయ్. టేకులపల్లి దాటినంక కోయ పల్లె నుంచి సమ్మక్క, బీయస్సీ చదివిన పిల్ల. ఇక్కడి దాక బాగనే ఉన్నది కదా? ఆగుండ్రి. నా తెలివి ఇంకా పనిల దిగలే.

పుస్తకాలకు ర్యాకులున్నట్టే మనుషులకు గూడ ఉంటయనుకున్న. జబ్బార్ భాయ్‌ని ఉర్దూ ర్యాక్ కాడ నిలబెట్టిన.

"అన్నా, నాకు ఉర్దూ..."

"ప్రాణం! నాకు తెల్వదా భాయ్?" మాట పూర్తి కానిస్తే కదా!

సమ్మక్కను జంతువుల పుస్తకాల కాడ నిలబెట్టి, పైన బోర్డు గూడ కట్టిన: 'అడవి గురించి అడవి బిడ్డనే అడగండి.'

"సార్, నాది లెక్కల సబ్జెక్టు. పోటీ పరీక్షల ర్యాక్ చూసుకుంట."

"అది కష్టమైన ర్యాక్ బిడ్డా. నేను చూసుకుంట. నువ్వు ఏనుగులను చూసుకో."

మూడో రోజు ఆశ్రమ పాఠశాల హెడ్‌మాస్టరమ్మ చేతిల పొడుగు లిస్టుతోని వచ్చింది. "పదో తరగతి పిల్లలకు లెక్కల పుస్తకాలు చూపియ్యండి" అన్నది. నేను రంగురంగుల ఎక్కాల పుస్తకం చూపించిన. ఆమె నన్ను కింద నుంచి మీదికి చూసి ఉర్దూ ర్యాక్ కాడికి పోయింది.

"ఇందుల మంచి డిక్షనరీ ఏది బాబూ?"

"నాకు ఉర్దూ సదువ రాదు మేడం. తెలుగు మీడియం. వ్యాకరణం అడగండి, ఛందస్సు అడగండి."

హెడ్‌మాస్టరమ్మ అక్కడికెళ్లి సమ్మక్క కాడికి పోయింది. "పులుల మీద ఏది బాగుంటదమ్మా?"

"నేను పులిని ఫోన్లనే చూసిన మేడం. మా ఊరు రోడ్డు పక్కనే. లెక్కల పుస్తకాలైతే చెప్త గానీ, సార్ నన్ను అటు రానియ్యడు."

మేడం తలెత్తి బోర్డు చదివింది. మళ్ల చదివింది. "ఏందయ్యా ఇది? నా బళ్లె సగం మంది పిల్లలు ఈమె ఊరి పక్కూళ్లోళ్లే. వాళ్లను గూడ ఏనుగుల పక్కన కూసోబెడ్తవా?" లిస్టు మడిచి సంచిల పెట్టుకున్నది.

మీరే చెప్పండి, అప్పుడు నేనేమనాలె? నేనన్నది ఇది: "మేడం, మా తాన అన్నీ ఇన్‌క్లూజివ్!"

ఆమె మెట్లు దిగుతుంటె సమ్మక్క ఉరికింది. "మేడం, ఆ లిస్టు ఒక్కసారి ఇయ్యండి." గంట లోపల్నే లెక్కల పుస్తకాలన్నీ బల్ల మీద పేర్చింది. తెలుగు వ్యాకరణం జబ్బార్ భాయ్ ఏరిండు. మేడం శాంతించి ఆర్డర్ రాసింది. "ఇది వీళ్లిద్దరికి ఇస్తున్న. నువ్వు కట్టలు కట్టు" అన్నది నాతోని. కట్టిన. నడుం ఇప్పటికీ గుంజుతది.

బోర్డు పీకి, కొత్త స్టాకు సాక్షిగ, ఇద్దరి ముందు చెయ్యెత్తి ఒట్టేసిన: "ప్రాణమున్నంత వరకు పుస్తకాలనే సర్దుత, మనుషులను సర్ద. ఎవరికొచ్చిన ర్యాక్ వాళ్లదే." అంతటితోని నోరు మూసుకోవాలె కదా? ఊకోలే. "మరి నేను ఏ ర్యాక్ కాడ నిలబడాలె బిడ్డా?" అన్న.

సమ్మక్క రసీదు బుక్కు నుంచి తలెత్తలే. "మీకు ర్యాక్ లేదు సార్. అచ్చుతప్పులు పడ్డ పుస్తకాలను పబ్లిషర్‌కు వాపస్ పంపే డబ్బా ఉన్నది కదా, అండ్ల కూసోండి."